వాద్యం లేని క్రిస్మస్ పాట

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. మొన్న ఒక మిత్రుడు శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన చాంటిక్లీర్ బృందం పాడిన క్రిస్మస్ గీతాలను పంపి వినమన్నాడు. 1978లో మొదలై, పురుషుల గాయకబృందంగా ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న బృందమది. పక్కన వాద్యమేదీ ఉండదు. ఆధారశ్రుతి అయినా, పైస్థాయి పలుకైనా అన్నీ గొంతులే. ఈ పద్ధతిని ఇటలీ భాషలో ‘అ కాపెల్లా’ అంటారు. ప్రార్థనామందిరంలో పాడే తీరున అని ఆ మాటకు అర్థం. పాటలన్నీ విన్నాక మిత్రుడు అడిగాడు: “ఇటువంటిది మన తెలుగువాళ్ళలో ఎన్నడైనా ఉందా?”

ఉందని వెంటనే చెప్పాను. ఎక్కడ అని అడిగితే, మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అన్నాను. అతడు నవ్వి ఊరుకున్నాడు గానీ నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్ననాడు విన్న ఆ పాటలో వాద్యం ఎందుకు లేదు? ఆడవాళ్ళు ఎందుకు లేరు? అప్పుడు తోచని ఈ రెండు ప్రశ్నలు ఇన్నేళ్ళకు ఎదురుగా వచ్చి కూర్చున్నాయి.

మా ఇల్లు జనగామలో. డిసెంబరు సెలవులు ఇవ్వగానే అమ్మ మమ్మల్ని రైలెక్కించి, కాజీపేట మీదుగా మానుకోటకు తీసుకుపోయేది. మహబూబాబాద్‌ను మా పెద్దలు ఆ పేరుతోనే పిలిచేవారు. అక్కడినుంచి డోర్నకల్ వైపు పోయే దారిలో అమ్మమ్మ వాళ్ళ పల్లె. డిసెంబరు 24వ తేదీ రాత్రి భోజనాలు ముగిశాక తాత చేత కందిలి పట్టుకొని బయలుదేరేవాడు. వెంట ఎనిమిది తొమ్మిది మంది, భుజాన గొంగళ్ళతో. అందరూ మగవాళ్ళే. డప్పు లేదు, తాళాలు లేవు, హార్మోనియం అసలే లేదు. ప్రతి ఇంటి ముందూ నిలబడి తాత పల్లవి ఎత్తుకుంటే తక్కినవారు అందుకునేవారు. మా వాడ ముగించి, పొరుగు పల్లెకు పొలాల గట్ల మీదుగా నడిచి, తిరిగి ఇల్లు చేరేసరికి తొలికోడి కూసేది.

అమ్మమ్మ ఆ గుంపులో ఉండేది కాదు. ఈ సంగతికి చివర మళ్ళీ వస్తాను.

ముందుగా ఆ నేల చరిత్ర కొంత చెప్పుకోవాలి. డోర్నకల్ అనగానే చాలామందికి రైల్వే జంక్షను గుర్తుకు వస్తుంది. కాజీపేట నుంచి విజయవాడకు పోయే మార్గంలో, కొత్తగూడెం వైపు చీలిపోయే చోట ఉన్న ఊరది. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ చిన్న ఊరికి భారతీయ క్రైస్తవ చరిత్రలో పెద్ద స్థానముంది. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తోటివారితో కలసి 1903లో ఒక స్వదేశీ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో నడుపుకున్న సంఘమది. వారు పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని ఈ డోర్నకల్. 1909లో అజరయ్య స్వయంగా ఇక్కడికి వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న, అంటే క్రిస్మస్ జరిగిన నాలుగు రోజులకు, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు ఆ పదవి అందుకోవడం అదే మొదలు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూశారు.

ఆయన కట్టించిన కేథడ్రల్‌ను చూడనివారు ఒకసారి చూడవలసినదని నా మనవి. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, మధ్యలో సిలువ. ఏళ్ళ తరబడి సాగిన ఆ నిర్మాణం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. ఆ తేదీని కావాలనే ఎంచుకున్నారు. నక్షత్రాన్ని చూసి తూర్పుదేశపు జ్ఞానులు శిశువును వెతుక్కుంటూ వచ్చిన ఘట్టాన్ని స్మరించే ఎపిఫనీ పండుగ అది. కేథడ్రల్ పేరు కూడా అదే. క్రిస్మస్ కథలో దూరదేశం నుంచి కానుకలు మోసుకొని వచ్చినవారి పేరిట, దూరాన ఉన్న తెలుగు పల్లెలో ఒక మందిరం లేచిందన్నమాట.

అజరయ్య చేరిన సంఘం ఇంగ్లండు సంఘానికి చెందినది. పురుషులూ బాలురూ మాత్రమే ఉండే కేథడ్రల్ గాయకబృందాలకు ఆ సంఘం పెట్టింది పేరు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో 1918 నుంచి క్రిస్మస్ ముందురోజు జరుగుతున్న తొమ్మిది పాఠాల ఆరాధన అటువంటి బృందంతోనే లోకప్రసిద్ధమైంది. అజరయ్య తలచుకుంటే ఆ పద్ధతినే డోర్నకల్‌కు తేవచ్చు. ఆయన ఆ దారి పట్టలేదు. పల్లెజనం తమ బాణీల్లో, తమ తాళాల్లో పాడుకోవడాన్నే ఆయన ప్రోత్సహించారు. అందుకు కారణముంది. ఆ సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడలవారు. అక్షరం వారికి అందనివ్వని కాలమది. పుస్తకం చేతికిస్తే చదవలేరు, పాట నేర్పితే మరచిపోరు. సాయంత్రం పొలం పనినుంచి వచ్చాక ఉపదేశి దీపం ముందు కూర్చోబెట్టి పరలోక ప్రార్థనను, పది ఆజ్ఞలను, కీర్తనలను నోటితో నోటికి నేర్పేవాడు. మా తాత విద్య అంతా ఆ దీపం ముందు నేర్చినదే.

ఆ కీర్తనల సంగతి చెప్పుకోవాలంటే పురుషోత్తమ చౌదరిగారిని తలచుకోక తప్పదు. 1803లో పుట్టి 1890లో మరణించిన ఈ కవి, సంప్రదాయ విద్య చదివిన బ్రాహ్మణ కుటుంబంలోనివాడు. 1833లో క్రైస్తవం స్వీకరించాక, తనకు తెలిసిన రాగతాళాలనే కొత్త విశ్వాసానికి అప్పగించాడు. పల్లవి, అనుపల్లవి, చరణాలు గల కీర్తన రూపాన్ని ఆయనా ఆయన తర్వాతివారూ ఎంత బలంగా నిలబెట్టారంటే, మన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే నేటికీ చాలా పాటల నెత్తిన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. వివిధ మిషన్ల సంఘాలు సిద్ధాంతాల్లో ఎంత విభేదించుకున్నా ఈ ఒక్క పుస్తకాన్ని కలసి పాడుకున్నాయి.

ఇక్కడ పాశ్చాత్యుల ‘అ కాపెల్లా’కూ మన పల్లెపాటకూ ఉన్న తేడా చెప్పాలి. అక్కడ నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడిచి ఒకచోట కలుస్తాయి. పురుషుల బృందమైతే రెండు పైగొంతులు, రెండు కిందిగొంతులు. ఆ నాలుగింటి పొందికే వారి సంగీతం. మన కీర్తనలో దారి ఒక్కటే. పెద్దగొంతు ముందు నడుస్తుంది, తక్కినవి దాని అడుగుల్లో అడుగు వేస్తాయి. అయితే పదిమంది నడిచిన అడుగులు అచ్చంగా ఒక్కచోట పడవు కదా. ఒకడు సాగదీస్తాడు, ఒకడు ముందే తుంచుతాడు, ఒకడు గమకం వేస్తాడు. ఆ చిన్న చిన్న ఎడబాట్ల వల్ల పాటకు ఒక మందం వస్తుంది. తాళం అరచేతిలోనో పాదంలోనో ఉంటుంది. శ్రుతి పెద్దగొంతులో ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా శ్రుతి కూడా కొంచెం మారేదని, చలి ముదిరేకొద్దీ అది కిందికి దిగేదని నాకు బాగా జ్ఞాపకం.

మరి వాద్యం ఎందుకు లేదు? బీదతనమే కారణమని చాలాకాలం అనుకున్నాను. హార్మోనియం కొనే స్తోమత ఎవరికుంది? నిజమే. కానీ డప్పు కొనవలసిన పనిలేదు. అది మా వాడలోనే పుట్టింది. మా ముత్తాత డప్పు కొట్టినవాడే. ఆ మాటే ఒకసారి తాతను అడిగాను. “దాన్ని ఇడిచిపెట్టి వచ్చినోళ్ళం బిడ్డా, మల్ల దాన్నే ఎట్ల వట్టుకుంటం?” అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. చరిత్ర చదివాక అర్థమైంది.

అర్థం చేసుకోవడానికి దక్షిణానికి, ఒంగోలుకు పోవాలి. 1866 నుంచి అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేశాడు. ఆ ఏడే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం పొందాడు. ఆయన వెనుక పల్లెలకు పల్లెలు కదిలాయి. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘంలో చేరేవారు ఒప్పుకోవలసిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. ఈ మూడోదానితోనే డప్పుకు చిక్కు వచ్చింది. గ్రామదేవత జాతరలో డప్పు మోగించడం మాదిగల విధి. ఆ విధిని మానుకుంటామనగానే ఊరిపెద్దలు కన్నెర్రజేశారు. ఊరికి వారు చేసే సేవ ఆగిపోతే ఊరి ఏర్పాటే కదులుతుందని వారికి తెలుసు. బహిష్కరణలు జరిగాయి, పనులు పోయాయి. ఐనా డప్పును చాలామంది తిరిగి ముట్టలేదు.

ఆ మిషన్ నిజాం రాజ్యంలోకి కూడా వచ్చింది. 1879లో హనుమకొండలో దాని కేంద్రం మొదలైంది. తర్వాత జనగామ కూడా ఆ మిషన్ కేంద్రాల్లో చేరింది. అప్పటి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. వెట్టిచాకిరికి, దొరల గడీలకు పేరుపడిన తాలూకా. ఊరికి అధికారి వస్తే డప్పు, దొర ఇంట పెళ్ళయితే డప్పు, చాటింపుకు డప్పు. కూలి లేదు, కాదనే హక్కు లేదు. అలాంటి చోట ఒక మనిషి డప్పు దించి, వట్టి గొంతుతో పాడటమంటే, ఈ ఒక్క పాట నేను ఎవరి ఆజ్ఞ మీదా పాడటం లేదని చెప్పడమే. చాంటిక్లీర్ పాటలో వాద్యం లేకపోవడం ఒక కళాభిరుచి. మా తాత పాటలో వాద్యం లేకపోవడం వెనుక ఒక తరం చెల్లించిన మూల్యం ఉంది.

ఇంతమాత్రాన డప్పును తక్కువ చేస్తున్నానని అపోహ పడవద్దు. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక అదే డప్పు ఆత్మగౌరవానికి గుర్తయింది. దండోరా అన్న పేరే డప్పుచాటింపు నుంచి వచ్చింది. ఈనాడు చర్చి ఊరేగింపుల్లో డప్పు మోగడం నేనే చూశాను, సంతోషించాను కూడా. ఒకనాడు దించడం ఎంత గౌరవమో, మరొకనాడు ఇష్టపడి ఎత్తుకోవడం అంత గౌరవం.

వాద్యం లేకపోవడానికి శాస్త్రపు కారణం చెప్పేవారు కూడా మనలో ఉన్నారు. తెలుగునాట ఎన్నో పల్లెల్లో ఉన్న క్రీస్తు సంఘాలవారు, కొత్త నిబంధనలో వాద్యాల ప్రస్తావన లేదన్న కారణాన ఆరాధనలో వాద్యం ముట్టరు. అక్కడ ఆడా మగా కలసి పాడతారు. విచిత్రమేమిటంటే, లేఖనంలో చెప్పలేదన్న అదే కారణాన వారు క్రిస్మస్‌ను పవిత్రదినంగా ఆచరించరు. వాద్యం లేని పాటకు అంత గట్టి నియమం ఉన్నచోట క్రిస్మస్ లేదు!

ఇక రెండో ప్రశ్న: ఆడవాళ్ళు ఎందుకు లేరు?

కథోలికుల దగ్గర దీనికి రాతపూర్వకమైన సమాధానమే ఉండేది. 1903 నవంబరు 22న పదవ పయస్ పోపు దేవాలయ సంగీతం గురించి ఒక శాసనం వెలువరించారు. గాయకులది ఆరాధనలో ఒక పదవి, ఆ పదవికి స్త్రీలు అర్హులు కారు, పైగొంతులు కావలసివస్తే బాలురను పెట్టుకోవాలి అని దాని సారాంశం. వాద్యం లేని గ్రెగోరియన్ గానమే ఆరాధనకు ఆదర్శమని కూడా అందులోనే ఉంది. అంటే, మగవాళ్ళే వాద్యం లేకుండా పాడటం ఒకప్పుడు రోము నుంచి వచ్చిన ఆదర్శం. మన ప్రాంతంలో మిలాను నగరపు మిషనరీలు 1855 నుంచీ పనిచేశారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలన్నీ చేరిన వరంగల్ మేత్రాసనం 1952 డిసెంబరు 22న ఏర్పడింది. దాని మొదటి బిషప్పు అల్ఫోన్సో బెరెట్టా కూడా ఆ మిషనరీలలోనివారే. పూజ ఇంకా లాటిన్‌లోనే జరిగే రోజులవి.

ఆ శాసనానికి సడలింపు ఏ రోజున వచ్చిందో చూడండి. 1955 డిసెంబరు 25. సరిగ్గా క్రిస్మస్ నాడు పన్నెండవ పయస్ పోపు వెలువరించిన లేఖలో, బాలురు దొరకనిచోట స్త్రీలు కూడా పాడవచ్చునని, అయితే బలిపీఠపు ఆవరణ బయట, పురుషులకు దూరంగా నిలబడాలని రాశారు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధన గురించి చేసిన తీర్మానంతో ప్రజల భాషలకు తలుపులు తెరుచుకున్నాయి. తెలుగు పూజతోపాటు తెలుగు పాట వచ్చింది, పాటతోపాటు స్త్రీల గొంతు వచ్చింది.

మా అమ్మమ్మ వాళ్ళు కథోలికులు కారు. వారి సంఘంలో అటువంటి శాసనమేదీ లేదు. గుడిలో ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు చాపల మీద కూర్చొని అందరూ కలసే పాడేవారు. మగవాళ్ళ గుంపు అన్నది ఆ ఒక్క రాత్రికే. ఊళ్ళో రామాలయం ముందు రాత్రుళ్ళు భజన చేసేవారూ మగవాళ్ళే, చిరుతల రామాయణం ఆడేవారూ మగవాళ్ళే. వేరే దేవుడి పాట పట్టుకున్నారు గానీ, రాత్రిపూట పాటకు బయటికి వెళ్ళేది మగవాడేనన్న ఊరి అలవాటును మా వాళ్ళు అలాగే ఉంచుకున్నారు.

ఈ అలవాటు ఒక్క మనదే అనుకోనక్కరలేదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ‘ప్లగైన్’ అనే ఆచారముంది. క్రిస్మస్ నాడు తెల్లవారుజామున మూడు, ఆరు గంటల మధ్య పల్లె చర్చిలో చేరి, ముగ్గురూ నలుగురూ చొప్పున లేచి నిలబడి వాద్యం లేకుండా పాడేవారు. సంప్రదాయంగా అందరూ మగవాళ్ళే. ఇప్పుడు ఆడవాళ్ళూ పాడుతున్నారు. లాటిన్ భాషలో కోడికూత అని అర్థమిచ్చే మాటనుంచి ఆ పేరు పుట్టిందట. జార్జియా దేశంలో క్రిస్మస్ రాత్రి మగవాళ్ళు ఇంటింటికీ తిరుగుతూ ‘అలిలో’ అనే పాటలు పాడతారు. వారి సంఘంలో ఆరాధనకు వాద్యం నిషిద్ధం. చాంటిక్లీర్ అన్న పేరు కూడా ఆంగ్లకవి ఛాసర్ కథలోని కోడిపుంజుదే. ఇవన్నీ తెలుసుకున్నప్పుడు, తొలికోడి కూసేవేళకు ఇల్లు చేరే తాత గుంపు ఒంటరిది కాదనిపించి మనసుకు హాయి కలిగింది.

కానీ మన నేల మీదే దీనికి ఎదురుగా నిలిచే మరో పాట ఉంది. అది బతుకమ్మ. అక్కడ మగవాడు గట్టు మీద ప్రేక్షకుడు. ఆడవాళ్ళు వలయంగా తిరుగుతూ, చప్పట్లే తాళంగా, ఒకరు చరణం అందిస్తే అందరూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. లౌడుస్పీకర్లు రాకముందు అందులోనూ వాద్యం లేదు. పాట నడక కూడా అదే: ఒక పెద్దగొంతు, వెనుక అనేక గొంతులు. ఆశ్వయుజంలో ఊరి చెరువుగట్టు మీద వినిపించిన ఆ నిర్మాణమే డిసెంబరులో గొంగళ్ళు కప్పుకొని మగవాళ్ళ నోట వినిపించేదని నా అభిప్రాయం. ఆడవాళ్ళకు పాడటం రాదనో, బయట పాడకూడదనో ఆ ఊళ్ళో ఎవరూ అనలేరు.

మరి లేఖనం ఏమంటుంది? క్రీస్తు జననాన్ని వివరంగా చెప్పే లూకా సువార్తలో మొదటి రెండు అధ్యాయాల్లో నాలుగు స్తుతిగీతాలున్నాయి. మరియది, జెకర్యాది, దేవదూతలది, సుమెయోనుది. వరసలో మొదటిది మరియ గీతం. ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. మరియ పాడే సమయానికి ఆ ఇంటి యజమాని జెకర్యా నోట మాట లేదు. దూత మాటను నమ్మనందుకు ఆయన మూగవాడయ్యాడు. బిడ్డ పుట్టి, పేరు పెట్టిన తర్వాతగానీ ఆయనకు గొంతు తిరిగి రాలేదు. యాజకుడు మౌనంగా ఉండగా ఒక పల్లెపిల్ల పాడింది. బలవంతులను సింహాసనాలనుంచి దించి దీనులను పైకెత్తుతాడన్న భావం ఆమె పాటలోనిదే. క్రిస్మస్ సంగీతానికి మూలమేదని ఎవరైనా అడిగితే నేను ఆ ఇంటినే చూపిస్తాను.

భూపాలపల్లి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మా చిన్నమామయ్య సింగరేణిలో, అక్కడి కాకతీయ ఖని గనుల్లో పనిచేశాడు. డోర్నకల్, ఇల్లందు, కొత్తగూడెం వైపులనుంచి గనిపనికి తరలిన కుటుంబాలు తమ పాటలను కూడా మూటగట్టుకొని పోయాయి. ఒక ఏడాది హనుమకొండనుంచి పరకాల మీదుగా బస్సులో వెళ్ళి క్రిస్మస్‌కు అక్కడ ఉన్నాను. రెండో షిఫ్టు దిగి, స్నానాలు చేసి, అర్ధరాత్రి దాటాక కార్మికుల గుంపు క్వార్టర్ల వరసల మధ్య పాడుతూ తిరిగింది. అందరూ మగవాళ్ళే. గనిలోకి దిగే పనికి 1952 నాటి గనుల చట్టం స్త్రీలను అనుమతించలేదు. 2019లో నియమాలు సడలించేవరకు అదే పరిస్థితి. షిఫ్టునుంచి నేరుగా ఏర్పడిన గుంపు గనుక అది మగవాళ్ళ గుంపే అయింది. వాద్యం ఎందుకు లేదని మామయ్యను అడిగాను. “పొద్దున ఫస్టు షిఫ్టుకు పోయేటోళ్ళు పండుకుంటరు గదరా. పాటకు లేస్తే సంబురపడ్తరు, డోలుకు లేస్తే తిడ్తరు” అన్నాడు. చరిత్రలో గొప్ప కారణాలు వెతికే నాబోటివాళ్ళకు ఇలాంటి సమాధానాలు అవసరం.

ఇప్పుడు అమ్మమ్మ సంగతి.

తాతకు అక్షరం రాదు. అమ్మమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి నాలుగు తరగతులు చదివింది. కీర్తనల పుస్తకం ఆమె ట్రంకుపెట్టెలో బట్టల కింద ఉండేది. నవంబరు చివరి వారం వచ్చిందంటే రాత్రిపూట పొయ్యి దగ్గర కూర్చొని ఆమె ఒక్కొక్క చరణం చదివేది, తాత మళ్ళీ పలికేవాడు. మూడు రాత్రుల్లో ఒక పాట. తాత అరుగు మీద గుంపుకు నేర్పేవాడు. తప్పుపోతే లోపలినుంచి అమ్మమ్మ దిద్దేది. ఊరందరికీ అది ‘తాత గుంపు’.

నేను ఏడో తరగతి చదివే ఏడు తాతకు జ్వరం. గొంతు పూర్తిగా పోయింది. ఆయన తమ్ముడు కందిలి అందుకొని గుంపును నడిపించాడు. ఎప్పటిలాగే చివరి ఇల్లు మాదే. ముంగిట నిలబడి కీర్తన మొదలుపెట్టారు. రెండు చరణాలు సాగాయి. మూడోది ఎవరికీ అందలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో దగ్గారు. చలిలో ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉన్నట్టు నాకు తోచింది. అప్పుడు మూసిన తలుపు వెనుకనుంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. వణుకు లేదు, తొందర లేదు. మూడో చరణం ఎత్తుకుంది. మగవాళ్ళు ఒక్క క్షణం తటపటాయించి ఆమె వెనుక వంత అందుకున్నారు. నాలుగో చరణం, ఐదో చరణం కూడా ఆమే నడిపించింది. మంచం మీద తాత కళ్ళు మూసుకొని వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నాడు. పాట ముగిశాక తలుపు తీసి అందరికీ చాయ పోసింది. దాని గురించి ఎవరూ ఒక్కమాట అనలేదు.

మరునాడు నేను అడిగాను: “నువ్వు గూడ వాళ్ళతోని పోవచ్చు గదా అమ్మమ్మా?”

“నేను పోతే పొయ్యి కాడ ఎవరుంటరు బిడ్డా? పొద్దుగాల ఇరవై మందికి వండాలె” అంది.

రోము శాసనం, ఊరి అలవాటు, గనుల చట్టం అన్నీ తిరగేశాక నాకు మిగిలిన చివరి కారణం ఇదే. మగవాళ్ళ గాయకబృందం రాత్రంతా పాడి తిరగాలంటే, ఎవరో ఒకరు పాట మానుకొని పొయ్యి దగ్గర కూర్చోవాలి. ఈ సంగతిని ఏ పుస్తకమూ రాసిపెట్టలేదు.

తాతా లేడు, అమ్మమ్మా లేదు. ఇప్పుడు ఆ పల్లెలో డిసెంబరు 24 రాత్రి ఆటో మీద సౌండు పెట్టెలు, కీబోర్డు, అమ్మాయిలూ అబ్బాయిలూ కలసిన బృందం తిరుగుతోంది. అమ్మాయిలు కందిలి వెలుగులోకి వచ్చినందుకు నాకు ఎంతో సంతోషం. వాద్యం వచ్చినందుకూ కోపం లేదు. ఒక్కటే కోరిక. వచ్చే క్రిస్మస్ రాత్రి ఒక్క ఇంటి ముందైనా ఆ పెట్టెలు ఆపి, ఆడా మగా కలసి వట్టి గొంతులతో ఒక పాత కీర్తన పూర్తిగా పాడాలి, మూడో చరణంతో సహా. మీ ఇళ్ళలో ఆ చరణాలు ఇంకా జ్ఞాపకమున్న పెద్దలుంటే, ముఖ్యంగా అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉంటే, ఆలస్యం చేయకుండా వారి పక్కన కూర్చొని వినండి, రాసుకోండి.

అమ్మమ్మ కీర్తనల పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది. క్రిస్మస్ కీర్తనలున్న పుటల అంచుల్లో మాత్రం పసుపు వేలిముద్రలు ఇంకా చెరగలేదు.